బడి కట్టడానికి డబ్బులున్నాయి, కురిసే స్లాబు బాగు చేయడానికి లేవు: ఎందుకని?

ప్రభుత్వ బడుల మాటొస్తే రెండు వాదనలు వినిపిస్తాయి. "వేల కోట్లు పోశారుగా, ఇంకా ఏం కావాలి?" అనేది ఒకటి. "ఎన్ని కోట్లు పోస్తే ఏం లాభం, వానొస్తే మా ఊరి బడి కురుస్తూనే ఉంది" అనేది రెండోది. తమాషా ఏంటంటే రెండూ నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో మన బడి నాడు-నేడు మొదటి దశలోనే 15,715 బడుల మీద సుమారు 3,669 కోట్లు పెట్టారు. తెలంగాణలో మన ఊరు-మన బడి కింద 26 వేలకు పైగా బడులకు 7,289 కోట్లు అని 2022లో ప్రకటించారు. చిన్న అంకెలేమీ కావు. అయినా జూన్‌లో బడి తెరిచిన వారానికే పెచ్చులూడిన గదుల ఫొటోలు పేపర్లో రావడం మానలేదు.

అంతా తినేశారు అని ఒక్క మాటలో తేల్చేయడం సులువు. అదీ కొంత ఉండొచ్చు, కాదనను. కానీ అసలు చిక్కు ఇంకోచోట ఉంది. బడికి వచ్చే డబ్బులో దాదాపు ప్రతి రూపాయీ "దీనికే వాడాలి" అన్న షరతుతో వస్తుంది, ఆ షరతుల్లో ఎక్కువ భాగం కొత్తది కట్టడానికో, కొత్తది కొనడానికో సంబంధించినవే. కొత్త గది కడితే శిలాఫలకం వేయొచ్చు, రిబ్బన్ కత్తిరించొచ్చు, దాత పేరు రాయించొచ్చు. డాబా మీద ఆకులు ఊడ్పించి, నీళ్లు పోయే గొట్టంలో చెత్త తీయించినందుకు ఎవరూ ఫ్లెక్సీ కట్టరు. మన బడుల గొడవలో సగం ఇక్కడే ఉంది. మిగతా సగం, ఏ డబ్బు ఎక్కడి నుంచి ఎప్పుడొస్తుంది అన్నదాంట్లో ఉంది.

ముందు ఆ స్లాబు సంగతి

మన పాత బడుల్లో ఒక్క ఆవరణలోనే నాలుగు కాలాల కట్టడాలు కనిపిస్తాయి. ఒక మూల బంగాళా పెంకుల గది, దాని పక్కన 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు నాటి రెండు గదులు, 2001 తర్వాత సర్వశిక్షా అభియాన్‌లో కట్టిన అదనపు తరగతి గదులు, చివర్లో ఎవరో ఎంపీ నిధులతో వేయించిన రేకుల షెడ్డు. తెలంగాణలో కొన్ని చోట్ల షాబాద్ బండలు పరిచిన కప్పులు ఇంకా ఉన్నాయి. పాతబడిన బడి అనగానే మనకి పెంకుటిల్లు గుర్తొస్తుంది గానీ, నిజానికి ఎక్కువ భయపెట్టేది ముప్పై నలభై ఏళ్ల కిందటి కాంక్రీటు స్లాబు. పెంకు పగిలితే వెంటనే కనపడుతుంది, పైకి ఎక్కి ఇంకోటి వేస్తారు. స్లాబు లోపల జరిగేది కళ్లకి కనపడదు.

ఆ లోపల జరిగేది ఏంటంటే, కాంక్రీటులో ఇనప చువ్వలకి కింద కొంత మందం కాంక్రీటు రక్షణగా ఉండాలి, దాన్నే కవర్ అంటారు. అప్పట్లో పని చేయించినవాళ్లు కవర్ బ్లాకులు సరిగా పెట్టకపోతే చువ్వలు స్లాబు అడుగుకి ఆనుకుని ఉండిపోతాయి. పైన డాబా మీద ఇటుక పొడి, సున్నం కలిపి వేసిన సుర్కీ పొరలో సన్నని బీటలు పడతాయి. ఆవరణలో వేపచెట్టో రావిచెట్టో తప్పకుండా ఉంటుంది కదా, దాని ఆకులు నీళ్లు పోయే గొట్టానికి అడ్డం పడతాయి. వాన నీళ్లు రెండు మూడు రోజులు నిలుస్తాయి, బీటల్లోంచి దిగి చువ్వ దాకా వెళ్తాయి, చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కింది కాంక్రీటుని నెడుతుంది. ముందు సీలింగ్ మీద గోధుమరంగు గీత కనపడుతుంది. తర్వాత అక్కడ ఉబ్బెత్తుగా వస్తుంది, కర్రతో తడితే బోలుగా మోగుతుంది. ఆ తర్వాత ఒకరోజు పెచ్చు ఊడి పడుతుంది. ఆదివారం పడితే అదృష్టం.

సముద్రం దగ్గరి మండలాల్లో ఉప్పు గాలి వల్ల ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరం వెంబడి తుఫానొస్తే జనాన్ని తరలించేది కూడా చాలా చోట్ల బడి బిల్డింగుల్లోకే అన్నది గుర్తుపెట్టుకోవాలి.

దీన్ని మొదట్లోనే పట్టుకుంటే పెద్ద ఖర్చు కాదు. పైన నీళ్లు దిగకుండా చేయాలి, కింద వదులైన భాగం కొట్టేసి, చువ్వకి తుప్పు గీకి, మళ్లీ తుప్పు పట్టకుండా పూత పూసి, గట్టి మోర్టారుతో పూడ్చాలి. కానీ మనోళ్లు ఎక్కువగా చేసేది ఏంటంటే, పైన నీళ్ల సంగతి వదిలేసి కింద సిమెంటు మెత్తి రంగు వేసేస్తారు. రెండు వానాకాలాలకి అదే చోట మళ్లీ ఊడుతుంది, ఈసారి కొత్త రంగుతో సహా. ఇంకో మాట, చాలా పాత బడులకి డాబా మీదికి మెట్లే ఉండవు. మెట్లు కడితే ఖర్చు, పైగా పిల్లలు ఎక్కుతారని భయం. అందుకని ఎన్నో ఏళ్ల పాటు పైన ఏముందో ఎవరూ చూడరు. పిట్టగోడలో రావి మొక్క మొలిచి, అది కిందనుంచి కనిపించేంత పెద్దదయ్యాక గానీ ఎవరికీ అనుమానం రాదు.

తుప్పు చువ్వల్ని బాగా తినేస్తే ఇక రిపేరుతో అయ్యే పని కాదు, చాలాసార్లు కూల్చాల్సిందే. కూల్చడం కూడా అంత తేలిక కాదు. హెడ్మాస్టరు మండల విద్యాధికారికి (ఎంఈఓ) రాయాలి, అక్కడి నుంచి ఇంజనీరింగ్ వాళ్లకి వెళ్లాలి, అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) వచ్చి చూడాలి, శిథిలమైందని సర్టిఫికెట్ ఇవ్వాలి. మండల పరిషత్ బడైతే ఆస్తి పరిషత్‌ది, జిల్లా పరిషత్ హైస్కూలైతే జిల్లా పరిషత్‌ది, మున్సిపల్ బడైతే మున్సిపాలిటీది, అనుమతి అక్కడి నుంచి రావాలి. ఇదంతా తేలేదాకా గది తలుపుకి తాళం వేసి "వాడరాదు" అని రాస్తారు, ఆ గదిలోని పిల్లల్ని వరండాలో కూర్చోబెడతారు. ఆ వరండా కూడా అదే స్లాబు కింద ఉంటుందన్నది వేరే కథ.

2025 జూలై 25న రాజస్థాన్‌లో ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో ప్రభుత్వ బడి కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత దేశమంతా బడులకి సేఫ్టీ ఆడిట్ చేయమని కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది. ఆడిట్ మంచిదే. కానీ ఆడిట్‌లో "ప్రమాదకరం" అని తేలిన గదికి ప్రత్యామ్నాయం కట్టే డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్నకి ఆడిట్ ఫారంలో కాలమ్ ఉండదు.

ఏ జేబులోంచి ఎంత

సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం అన్నింట్లోకీ నమ్మకమైనది. 2018లో సర్వశిక్షా అభియాన్‌నీ, హైస్కూళ్ల పథకాన్నీ కలిపి దీన్ని చేశారు. మన రెండు రాష్ట్రాలకీ కేంద్రం 60, రాష్ట్రం 40. అదనపు గదులు, టాయిలెట్లు, పెద్ద రిపేర్లు ఇందులో వస్తాయి, కానీ ఏటా ప్లాన్ పంపాలి, ఢిల్లీలో బోర్డు ఆమోదించాలి, రాష్ట్రం తన 40 వేయాలి, పాత డబ్బుకి వినియోగ పత్రాలు పంపాలి, అప్పుడు తర్వాతి విడత. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా ఊళ్లో పని ఆగుతుంది. లంకె తెగడానికి రాజకీయం కూడా చాలు. ఎంపిక చేసిన కొన్ని బడుల్ని మోడల్ బడులుగా మార్చే పీఎం శ్రీ అనే ఇంకో కేంద్ర పథకం ఒప్పందం మీద సంతకం పెట్టలేదన్న గొడవలో తమిళనాడుకి 2024-25లో సమగ్ర శిక్ష నిధులు 2,000 కోట్లకు పైగా ఆగిపోయాయి.

పీఎం శ్రీ విషయానికొస్తే, 2022లో ప్రకటించింది, దేశం మొత్తమ్మీద 14,500 బడులు, ఐదేళ్లలో 27,360 కోట్లు. భాగిస్తే ఒక్కో బడికి దాదాపు కోటీ 88 లక్షలు పడుతుంది, గదులకొక్కటే కాదులెండి, ల్యాబులూ శిక్షణలూ అన్నీ కలిపి. ఎంపికైన బడికి పండగే. కానీ ఒక మండలంలో మహా అయితే రెండు బడులకి అవకాశం. మిగతా నలభై బడులు దాని బోర్డు చూసుకుంటూ పోవాలి.

మనం ఆదాయపు పన్ను మీద కట్టే 4 శాతం ఆరోగ్య-విద్యా సెస్సు సంగతి చాలామంది అడుగుతారు. అది కేంద్రానికి వెళ్తుంది, సెస్సు కాబట్టి రాష్ట్రాలకి పన్నుల్లో వచ్చే వాటా ఇందులో ఉండదు. తిరిగి వచ్చేది పథకాల రూపంలోనే, షరతులతోనే.

ఉపాధి హామీ డబ్బుతో ప్రహరీలు, వంటశాలలు, టాయిలెట్లు కట్టించారు. అందులో కూలీకి 60, మెటీరియల్‌కి 40 అన్న నిష్పత్తి ఉండేది, ప్రహరీ అంటే ఎక్కువ ఇటుకా సిమెంటే కాబట్టి జిల్లాలో వేరే చోట చెరువు పనులు ఎక్కువ జరిగితేనే ఇక్కడ గోడ లేచేది. ఎమ్మెల్యే, ఎంపీ నిధులు గదులకి వస్తాయి, వాళ్ల ఇష్టాన్ని బట్టి. గనులున్న చోట జిల్లా మినరల్ ఫండ్ ఉంటుంది. పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత పనులకి (సీఎస్ఆర్) పెట్టాలి, అది హైదరాబాద్, విశాఖ చుట్టుపక్కలో, ఫ్యాక్టరీ పక్క ఊళ్లోనో పడుతుంది. కంపెనీకి బెంచీలు, డిజిటల్ బోర్డులు ఇవ్వడం ఇష్టం, వాటి మీద పేరు అచ్చు వేయించొచ్చు. డ్రైనేజీ గొట్టం మీద లోగో వేయించుకోడానికి ఎవరొస్తారు? విదేశాల్లో ఉన్న మనవాళ్లు చదువుకున్న బడికి ఇచ్చేది కూడా చాలావరకు ఇలాంటిదే. మన ఊరు-మన బడిలో పది లక్షలు ఇస్తే ఒక తరగతి గదికి దాత చెప్పిన పేరు పెడతామని అధికారికంగానే ప్రకటించారు. తప్పేం లేదు, కానీ ఆ గదికి పదేళ్ల తర్వాత సున్నం ఎవరు వేయిస్తారన్నది ఎవరూ రాసుకోరు.

నాడు-నేడులో ఏం కుదిరింది, ఎక్కడ చెడింది

2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన నాడు-నేడులో నాకు నచ్చిన విషయం డబ్బు మొత్తం కాదు, దాన్ని ఖర్చు పెట్టిన పద్ధతి. కాంట్రాక్టరుకి టెండరు ఇవ్వకుండా బడి పేరెంట్స్ కమిటీ ఖాతాలో డబ్బు వేసి, వాళ్లే మేస్త్రీని పెట్టుకుని పని చేయించాలన్నారు. ఫ్యాన్లు, బెంచీలు, గ్రీన్ బోర్డులు, రంగులు మాత్రం రాష్ట్ర స్థాయిలో ఒకేసారి కొని పంపారు. మొదటి దశలో టాయిలెట్లకి నీళ్లు, తాగునీరు, కరెంటు, ఫర్నిచర్, రిపేర్లు, ప్రహరీ, వంటశాల లాంటి పనులు పెట్టుకున్నారు. సగటున బడికి 23 లక్షలు. చాలా ఊళ్లలో తేడా కళ్లకి కనిపించింది, పార్టీలు పక్కన పెట్టి చెప్పుకోవాలంటే దాన్ని కాదనలేం.

దానిలో ఒక కష్టం ఉంది, అది బయటివాళ్లకి అంతగా తెలియదు. పని అయ్యాక ఏఈ వచ్చి కొలతలు తీయాలి, కొలతల పుస్తకంలో (ఎం-బుక్) ఎక్కించాలి, ఆయన పై ఇంజనీరు డీఈ వచ్చి మళ్లీ సరిచూడాలి, హెడ్మాస్టరు బిల్లులు ఫోన్లో అప్‌లోడ్ చేయాలి, అప్పుడు డబ్బు పడాలి. మేస్త్రీకి శనివారం కూలీ ఇవ్వాలి, ఆయన ఎం-బుక్ కోసం ఆగడు. ఇసుక ట్రాక్టరువాడు అసలు ఆగడు. దాంతో ఊళ్లో హార్డ్‌వేర్ షాపులో హెడ్మాస్టరు పేరు మీద ఖాతా నడుస్తుంది, బిల్లు పడేదాకా ఆయనకి టెన్షన్. లెక్కల మాస్టారు లెక్కలు చెప్పాలా, సిమెంటు బస్తాలు లెక్కపెట్టాలా అన్న విసుగు టీచర్లలో వినిపించడానికి కారణం ఇదే. కాంట్రాక్టరుని తీసేస్తే ఆయన లాభం మిగులుతుంది, నిజమే, కానీ ఆయన పెట్టే పెట్టుబడీ పోతుంది. ఆ పెట్టుబడి ఎవరు పెడతారన్నది ముందే తేల్చుకోకపోతే బరువు హెడ్మాస్టరు నెత్తినే పడుతుంది.

2021 ఆగస్టులో పి.గన్నవరంలో మొదలైన రెండో దశలో అదే జరిగింది, ఇంకా పెద్ద ఎత్తున. మొదటి దశలో ఉన్న గదుల్ని బాగు చేశారు, రెండో దశలో అదనపు తరగతి గదులు కట్టాలి. పాత గోడకి రంగు వేయడం వేరు, పునాది తీసి స్లాబు పోయడం వేరు. పేరెంట్స్ కమిటీకి అది మించిన పని, ఇంజనీరు రోజూ ఉండాలి, డబ్బు ఆగకుండా రావాలి. రెండూ జరగలేదు. 2024 ఎన్నికల నాటికి ఎన్నో బడుల్లో గదులు పిల్లర్ల మీదో, స్లాబు లెవెల్లోనో ఆగిపోయి ఉన్నాయి. బయటికి పొడుచుకొచ్చిన చువ్వలు వానకి తడుస్తూ ఉంటే, గది పూర్తి కాకముందే తుప్పు మొదలైందన్నమాట.

ఇంకో విషయం. 2022లో జీవో 117తో 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూలుకి మార్చారు. అప్పటికే బాగు చేసిన ప్రాథమిక బడిలో సగం గదులు ఖాళీ అయ్యాయి, హైస్కూల్లో గదులు చాలలేదు. 2025లో ఆ జీవో రద్దయింది, బడుల అమరిక మళ్లీ మారింది. పిల్లలు ఎక్కడ కూర్చుంటారో తేలకుండా గదులు ఎక్కడ కట్టాలో ఎలా తేలుతుంది? బిల్డింగు యాభై ఏళ్లు ఉండాలి, మన జీవోలు మూడేళ్లు ఉంటున్నాయి.

తెలంగాణ కథ కాస్త వేరు. 2022 మార్చి 8న వనపర్తిలో మొదలుపెట్టిన మన ఊరు-మన బడిలో మొదటి విడతకి 9,123 బడులు తీసుకున్నారు, 3,497 కోట్లు. సంఖ్యలో అవి 35 శాతం బడులే, కానీ 65 శాతం పిల్లలు వాటిలోనే ఉన్నారు. ఈ ఎంపిక నాకు తెలివైనదనిపిస్తుంది. ముందు పిల్లలు ఎక్కువున్న చోట పెట్టు అన్నది న్యాయమైన సూత్రం, నలుగురు పిల్లలున్న తండాల బడికి తర్వాత వస్తాం అని చెప్పడం కష్టమైనా సరే. చిక్కు ఏంటంటే ఆ డబ్బు ఒక్క చోటి నుంచి రాలేదు. సమగ్ర శిక్ష, ఉపాధి హామీ, నియోజకవర్గ నిధులు, జిల్లా-మండల పరిషత్ నిధులు, నాబార్డు అప్పు, దాతలు, అన్నీ కలిపి కాగితం మీద కూడితే 7,289 కోట్లు. వీటిలో ఒక్కోటీ ఒక్కో తారీఖున, ఒక్కో షరతుతో వస్తుంది. వంటశాల ఒక పద్దు, గది ఇంకో పద్దు, ఒకటి అయిపోతుంది ఇంకోటి ఆగుతుంది. బిల్లులు రాక కాంట్రాక్టర్లు బడి గదులకి తాళాలు వేసిన వార్తలు ఆ తర్వాతి సంవత్సరాల్లో మనం చదివినవే. 2024లో కొత్త ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి, మహిళా సంఘాల చేతికి చిన్న రిపేర్ల పని ఇచ్చింది. సంఘాల ఆడవాళ్లకి ఖాతా నడపడం, లెక్క రాయడం అలవాటే కాబట్టి అది మంచి ఆలోచనే. మళ్లీ ప్రశ్న అదే, మొదటి ఏడాది డబ్బిచ్చారు సరే, మూడో ఏడాది?

అప్పు చేసి కడితే?

బడి అప్పు చేసి కట్టడం తప్పు అని చాలామంది అనుకుంటారు. నేనైతే అలా అనుకోను. యాభై ఏళ్లు వాడే దానికి ఆ యాభై ఏళ్లలో వచ్చే తరాలూ కొంచెం కొంచెం కట్టడంలో అన్యాయం లేదు. నాబార్డు దగ్గర 1995 నుంచి గ్రామీణ మౌలిక వసతుల నిధి ఉంది, ఆర్ఐడీఎఫ్ అంటారు. పల్లెల్లో బడులకీ అది వస్తుంది, బ్యాంకు రేటు కంటే ఒకటిన్నర శాతం తక్కువ వడ్డీకి, ఏడేళ్లలో తీర్చాలి. చవకే. కానీ ఏ అప్పైనా రాష్ట్రం మొత్తం అప్పు పరిమితిలోకే వస్తుంది. రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం చుట్టూ ఉండే ఆ గీత దాటకూడదు. అంటే బడికి తెచ్చిన ప్రతి కోటీ ప్రాజెక్టుకో, పెన్షన్లకో తేలేని కోటి.

కేరళ దీన్ని తప్పించుకోడానికి కిఫ్బీ అనే బోర్డుని వాడుకుంది. బోర్డు పేరు మీద బాండ్లు అమ్మి, పెట్రోలు సెస్సు, బండ్ల పన్నులో వాటా చూపించి అప్పు తెచ్చి, నియోజకవర్గానికో పెద్ద బడి చొప్పున ఐదేసి కోట్లతో కట్టారు. 2019లో లండన్‌లో 2,150 కోట్ల మసాలా బాండ్లు (విదేశాల్లో రూపాయల లెక్కలో అమ్మేవి) కూడా అమ్మారు, వడ్డీ 9.7 శాతం పైనే. బడులు బాగున్నాయి. కానీ తర్వాత కేంద్రం ఆ అప్పుని రాష్ట్రం అప్పుగానే లెక్కేసి పరిమితి తగ్గించింది, ఆ గొడవ సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. బడ్జెట్ బయట పెట్టినంత మాత్రాన అప్పు మాయమవదు.

ఇక తెలంగాణలో యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ రెసిడెన్షియల్ స్కూళ్లు. ఒక్కోటీ 20-25 ఎకరాల్లో, 200 కోట్లతో. మన ఊరు-మన బడిలో సగటున బడికి 28 లక్షలు వేసుకుంటే, ఒక్క యంగ్ ఇండియా స్కూలు డబ్బుతో ఏడు వందల పైచిలుకు ఊరి బడులు బాగుపడతాయి. ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదని ఒప్పుకోవాలి. అవి హాస్టళ్లతో కలిపి కడుతున్నవి, ఇప్పుడు గురుకులాలు అద్దె బిల్డింగుల్లో పడే అవస్థ చూసినవాళ్లకి వాటి అవసరం తెలుసు. అయినా ఏది ముందు అని అడిగితే, ఉన్న బడి పెచ్చులూడకుండా చూడడమే ముందు అని నా ఓటు. అప్పు కొత్త క్యాంపస్‌కి సులువుగా దొరుకుతుంది, పాత స్లాబుకి దొరకదు, ఎందుకంటే రిపేరు రెవెన్యూ ఖర్చు, అంటే రోజువారీ ఖర్చు కిందికి వస్తుంది, కొత్త బిల్డింగు ఆస్తి కిందికి వస్తుంది. కేంద్రం రాష్ట్రాలకి ఇచ్చే యాభై ఏళ్ల వడ్డీలేని అప్పు కూడా పెట్టుబడి ఖర్చుకే. మనం కట్టే పద్ధతే ఇలా ఉంది, పాడయ్యేదాకా ఆగితే అప్పు దొరుకుతుంది, పాడవకుండా చూస్తే దొరకదు.

నెలనెలా పెట్టాల్సిన డబ్బు

చిన్న లెక్క వేద్దాం. తొంభై మంది పిల్లలున్న ఒక ప్రాథమిక బడి. గదులు, టాయిలెట్లు, ప్రహరీ అన్నీ కలిపి ఈరోజు కొత్తగా కట్టాలంటే 80 లక్షలు అనుకుందాం. అందులో ఏడాదికి రెండు శాతం నిర్వహణకి పెట్టాలనుకుంటే లక్షా 60 వేలు. ఈ బడికి సమగ్ర శిక్షలో వచ్చే కాంపోజిట్ గ్రాంటు ఎంతో తెలుసా? 31 నుంచి 100 మంది పిల్లలుంటే ఏడాదికి 25 వేలు. ముప్పై మంది లోపైతే 10 వేలు. ఆ 25 వేలలోనే సుద్దముక్కలు, రిజిస్టర్లు, ప్రింటింగు, పంద్రాగస్టు ఖర్చులు, ఫినాయిలు, పాడైన స్విచ్చులు. అందులో పది శాతం స్వచ్ఛతకి పెట్టాలని కూడా రూలుంది. డాబా దాకా అది ఎప్పటికి వస్తుంది?

ఈ ఖాళీని పూడ్చడానికి ఆంధ్రప్రదేశ్ ఒక దారి వెతికింది. పిల్లల్ని బడికి పంపే తల్లులకి ఏటా ఇచ్చిన అమ్మ ఒడి 15 వేలలో మొదట వెయ్యి టాయిలెట్ల నిర్వహణకి, తర్వాత ఇంకో వెయ్యి బడి నిర్వహణకి తీసి ఉంచారు. ఆయాలకి నెలకి ఆరు వేల గౌరవ వేతనం ఆ డబ్బులోంచే. ప్రభుత్వం మారి 2025లో తల్లికి వందనం వచ్చింది, అందులోనూ తల్లి ఖాతాకి 13 వేలు, బడులకి రెండు వేలు. పార్టీలు తిట్టుకున్నా ఈ రెండు వేల కోత మాత్రం ఇద్దరికీ నచ్చిందన్నమాట. "15 వేలని చెప్పి 13 వేస్తారా" అని అప్పుడూ ఇప్పుడూ జనం విసుక్కున్నారు. కానీ నా దృష్టిలో ఇది మన రాష్ట్రాల్లో బడి నిర్వహణకి దొరికిన ఒకే ఒక్క రెగ్యులర్ ఆదాయం. ఎంతో చూడండి, 67 లక్షల మంది పిల్లలు, తలా రెండు వేలు, ఏడాదికి 1,340 కోట్లు. నాడు-నేడు మొదటి దశ ఖర్చులో మూడో వంతుకు పైగా, ప్రతి ఏడాదీ. ఇందులో ప్రైవేటు బడుల్లో చదివే పిల్లల వాటా కూడా ఉంది. ఇంత డబ్బు ఏ బడికి ఎంత చేరిందో బడి గోడ మీద రాస్తే తల్లులకి కోత మీద కోపం ఉండదు. మా పిల్లవాడి పేరు మీద తీసిన రెండు వేలతో ఏం చేశారో చెప్పండి అని అడిగే హక్కు వాళ్లకి పూర్తిగా ఉంది.

తెలంగాణ 2024లో బడులకి ఉచిత కరెంటు ప్రకటించింది. ఊడ్చేవాళ్ల కోసం బడికి పిల్లల సంఖ్యని బట్టి నెలకి మూడు వేల నుంచి 20 వేల దాకా ఇవ్వడం మొదలుపెట్టింది. కరెంటు బిల్లు కట్టలేక మోటారు వేయని బడులున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. మోటారు ఆడకపోతే నీళ్లు లేవు, నీళ్లు లేకపోతే టాయిలెట్ ఉన్నా తాళమే, టాయిలెట్‌కి తాళం పడితే ఎనిమిదో తరగతి ఆడపిల్ల బడి మానుతుంది. అయితే గోడకీ స్లాబుకీ విడిగా పద్దు ఇంకా లేదు.

టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లు ఇంటి పన్ను బిల్లు తీసి చూసుకుంటే స్కూల్ డిస్ట్రిక్ట్ రేటు రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఒకటి రోజువారీ నడపడానికీ నిర్వహణకీ, రెండోది బాండ్ల అప్పు తీర్చడానికి. కొత్త బాండు పెట్టాలంటే జనం ఓటు వేయాలి. అక్కడా పాత బిల్డింగుల గోల ఉంది, ధనిక ఊరికీ పేద ఊరికీ తేడా ఉంది, స్వర్గమేమీ కాదు. కానీ కట్టే డబ్బూ కాపాడే డబ్బూ కలిసిపోకుండా విడివిడిగా కనిపించడం అనే ఒక్క అలవాటు మనం తెచ్చుకోవచ్చు. బడ్జెట్‌లో "పాఠశాలల నిర్వహణ" అని ఒక పద్దు, కట్టిన ప్రతి గదికీ దాని విలువలో రెండు శాతం అందులో ఏటా చేరాలన్న రూలు. శంకుస్థాపన అనుమతి ఉత్తర్వులోనే నిర్వహణ డబ్బు ఎక్కడి నుంచో రాయకపోతే గది మంజూరు కాకూడదు.

మరి ఊళ్లో తల్లిదండ్రులు ఏం చేయగలరు? విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో 75 శాతం తల్లిదండ్రులే ఉండాలి, బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది ఆ కమిటీయే. మీటింగులో రిజిస్టరు మీద సంతకం పెట్టి టీ తాగి రావడం కాకుండా, బడి ఖాతా పాస్‌బుక్ చూపించమనండి, ఏ గదికి ఎం-బుక్‌లో ఏం రాశారో అడగండి, ఫొటోలు తీసుకుని తేదీతో సహా ఎంఈఓకి రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాట ఫైలెక్కదు. రాసిచ్చిన కాగితం ఉంటే రేపు ఆడిట్‌లో ఆ గది పేరు తప్పించడం కుదరదు.

అన్నిటికంటే తారీఖు ముఖ్యం. బడి పనికి దొరికేది ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా, ఒకటిన్నర నెల. పిల్లలుండరు, వాన ఉండదు, మేస్త్రీలు దొరుకుతారు. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ ఒకటిన మొదలవుతుంది, కానీ మార్గదర్శకాలు, విడతలు, ఖాతాల మ్యాపింగులు దాటుకుని డబ్బు బడికి చేరేసరికి ఆగస్టో సెప్టెంబరో అవుతుంది. అప్పుడు పక్క గదిలో పాఠం జరుగుతుంటే ఈ గదిలో సుత్తి దెబ్బలు, లేదంటే మార్చిలో నిధులు మురిగిపోతాయని హడావిడిగా రంగులు. నిర్వహణ డబ్బు ముందటి ఏడాది మార్చిలోనే బడి ఖాతాలో ఉంచి, ఏడాది దాటినా వెనక్కి లాక్కోకూడదని రూలు మారిస్తే, అదే 25 వేలతో కూడా డాబా ఊడ్పించి బీటలు పూడ్పించే పని వానలకి ముందే అయిపోతుంది. ఈ మార్పుకి కొత్తగా ఒక్క రూపాయి అక్కర్లేదు, ఫైనాన్స్ శాఖ ఒక మెమో ఇస్తే చాలు.